ఫైర్‌ఫాక్స్ డెవ్‌టూల్స్‌కి ప్యాచ్ పంపాలనుంది, బెంగళూరులో ఇదివరకు పంపినవాళ్ళున్నారా?

మధు_మారతహళ్ళి
శుక్రవారం, రాత్రి 11:42

అందరికీ నమస్తే. ఒక తెలుగు వార్తల సైటుకి ఫ్రంటెండ్ పని చేస్తుంటాను. రోజులో సగం ఫైర్‌ఫాక్స్ డెవ్‌టూల్స్‌లో (పేజీల్లో తప్పులు వెతికే పనిముట్లు), అందులోనూ కన్సోల్లోనే గడుస్తుంది. అందులో ఒక సంగతి చాలాకాలంగా చికాకు పెడుతోంది.

ఆబ్జెక్టు లోపల పొడుగాటి స్ట్రింగ్ (అక్షరాల వరస) ఉంటే కన్సోల్ దాన్ని మధ్యలో కత్తిరించి, మూడు చుక్కలు పెట్టి, చివరి ముక్క చూపిస్తుంది కదా. ఇంగ్లీషుకి ఏ ఇబ్బందీ లేదు. తెలుగు హెడ్‌లైన్ వచ్చేసరికి ఆ కత్తెర ఎక్కడ పడితే అక్కడ పడుతోంది. ఇవాళ "ప్రభుత్వం" అన్న మాటలో సరిగ్గా "భు" దగ్గర తెగింది. భ చుక్కల్లో కలిసిపోయింది, అటువైపు కొమ్ము ఒంటరిగా మిగిలింది. పట్టుకోడానికి అక్షరం లేదు కాబట్టి ఫాంటు ఒక చుక్కల వలయం గీసి దానికి ఆ కొమ్ము తగిలించి, పక్కన "త్వం" చూపించింది. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు దీన్ని చూసి ఎన్‌కోడింగ్ పాడైందని బ్యాకెండ్ వాళ్ళ మీద పడుతుంటారు.

దీన్ని బగ్ అంటారా? బగ్ అయితే నేనే కోడ్ సరిచేసి ఆ మార్పుని ప్యాచ్‌గా పంపొచ్చా? ఓపెన్ సోర్స్‌కి ఇంతవరకు ఏమీ పంపలేదు. సొంత ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్‌ది. ఆఫీసుది బలమైనదే కానీ దాంట్లో చెయ్యొచ్చో లేదో తెలీదు.

---

గోపి_హెచ్ఎస్ఆర్
శుక్రవారం, రాత్రి 11:58

ఆ స్ట్రింగ్‌ని కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే పూర్తిగా వస్తోందా?

---

మధు_మారతహళ్ళి
శనివారం, రాత్రి 12:03

వస్తోంది అన్నా. చూపించడంలోనే తేడా.

---

పద్మజ_బసవనగుడి
శనివారం, ఉదయం 7:20

మధు గారూ, ఇది నిఖార్సైన బగ్గు. పైగా మొదటి ప్యాచ్‌కి సరిగ్గా సరిపోయే సైజు.

జావాస్క్రిప్టు స్ట్రింగుని మనలా అక్షరాలుగా చూడదు, యూటీఎఫ్-16 అనే పద్ధతిలో కోడ్ యూనిట్లు అనే చిన్న ముక్కలుగా లెక్కపెడుతుంది. కన్సోల్లో "తెలుగు" అని రాసి దాని లెంగ్త్ అడగండి, 6 అంటుంది. త, దాని ఎత్వం, ల, కొమ్ము, గ, ఇంకో కొమ్ము. మన కంటికి మూడే. కత్తిరించే ఫంక్షను ఆ ఆరింటి లెక్కనే నమ్ముకుని సగం ఇటూ సగం అటూ పంచుతుంది. అదృష్టం బాగుంటే అక్షరాల సందులో తెగుతుంది, లేకపోతే మీరు చూసిన వలయం.

కోడ్ ఎక్కడుందో చూడాలంటే ఏదీ డౌన్‌లోడ్ చెయ్యక్కర్లేదు. బ్రౌజర్లోనే సెర్చ్‌ఫాక్స్ (ఫైర్‌ఫాక్స్ కోడ్ వెతికే సైటు) తెరిచి డెవ్‌టూల్స్ ఫోల్డర్లో క్లయింట్, అందులో షేర్డ్, అందులో కాంపొనెంట్స్, అందులో రెప్స్ దాకా వెళ్ళండి. ఒక విలువని తెర మీద ఏ రూపంలో చూపించాలో నిర్ణయించేది ఆ ఫోల్డరే. పేరులో "క్రాప్ స్ట్రింగ్" ఉన్న ఫంక్షన్లు కనిపిస్తాయి. చదివితే అర్థమయ్యే మామూలు జావాస్క్రిప్టే. డెవ్‌టూల్స్‌లో ఎక్కువ భాగం ఇంతే, ప్యానెళ్ళు చాలామటుకు రియాక్ట్, రెడక్స్. మీరు ఆఫీసులో రోజూ రాసేదే. సీ++ వచ్చి తీరాలేమోనని భయపడి ఆగిపోయేవాళ్ళని చాలామందిని చూశాను, అందుకే చెబుతున్నా.

ఇక మందు. అక్షరాల సరిహద్దులు చెప్పడానికి ఇంటల్ సెగ్మెంటర్ అని జావాస్క్రిప్టులోనే ఒక సదుపాయం ఉంది. ఫైర్‌ఫాక్స్‌లోకి 2024 ఏప్రిల్‌లో 125వ వెర్షన్‌తో వచ్చింది. ఒత్తుల సంగతి ఇంకాస్త ముదురు వ్యవహారం. "క్ష" లాంటిది పొల్లు దగ్గర రెండు ముక్కలవ్వకుండా కలిపి ఉంచాలన్న నియమం తెలుగుకీ ఇంకొన్ని భారతీయ లిపులకీ యూనికోడ్ 15.1తో, అంటే 2023లో వచ్చింది. కాబట్టి టెస్టులో గుణింతం ఉన్న మాట ఒకటి, ఒత్తు ఉన్న మాట ఒకటి పెట్టండి. రెండూ ఒకలా ప్రవర్తించకపోవచ్చు.

రివ్యూయరు (మీ ప్యాచ్ చూసి ఒప్పుకునే మనిషి) మొట్టమొదట అడిగేది మాత్రం ఇది కాదు. "వేలకొద్దీ లాగ్‌లు పడే పేజీలో ఇది కన్సోల్‌ని నెమ్మదింపజేస్తుందా?" అని అడుగుతారు. సెగ్మెంటర్ ఊరికే రాదు, స్ట్రింగ్ మొత్తాన్ని ముక్కలు చేయిస్తే భారం పడుతుంది. అందుకని స్ట్రింగంతా కాకుండా, తెగే చోటు చుట్టుపక్కల కొద్దిపాటి భాగాన్ని మాత్రమే చూసి, కత్తెరని దగ్గర్లో ఉన్న సరిహద్దుకి జరిపితే చాలు. ఈ ఆలోచన ప్యాచ్‌లో కాదు, ముందు బగ్‌లోనే రాయండి. "ఇలా చేద్దామనుకుంటున్నాను, సరేనా?" అని. వాళ్ళు వేరే దారి చెబితే మీ వారాంతం మిగులుతుంది.

---

గోపి_హెచ్ఎస్ఆర్
శనివారం, ఉదయం 8:05

2018 ఫిబ్రవరిలో "జ్ఞా"తో చేసిన ఒక తెలుగు వరుస వస్తే ఐఫోన్లలో మెసేజ్ యాప్ కూలిపోయేది, గుర్తుందా? ఆపిల్ వాళ్ళు 11.2.6 అని దాని కోసం ఒక అప్‌డేట్ వదలాల్సి వచ్చింది. మన లిపి జోలికి అజాగ్రత్తగా వెళ్తే అంతే మరి 😄

---

పద్మజ_బసవనగుడి
శనివారం, ఉదయం 8:31

ఆ వారం ఊరంతా ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఫోన్లు చంపుకున్నారు.

మధు గారూ, రిపోర్టు గురించి రాయడం మరిచాను. బగ్‌జిల్లాలో (ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా బగ్గులు నమోదు చేసే సైటు) ప్రాడక్ట్ "డెవ్‌టూల్స్", కాంపొనెంట్ "కన్సోల్". ముందు ఇదే బగ్ ఎవరైనా పెట్టారేమో వెతకండి. తర్వాత నైట్లీలో (రోజూ వచ్చే పరీక్ష వెర్షన్), కొత్త ప్రొఫైల్‌తో, ఎక్స్‌టెన్షన్లు ఏవీ లేకుండా అదే జరుగుతోందో లేదో చూడండి. మీ వార్తల సైటు లింకు ఇవ్వొద్దు. ఖాళీ పేజీలో కన్సోల్ తెరిచి పేస్ట్ చేస్తే చాలు వలయం కనబడేలా ఒకే ఒక్క లైను ఇవ్వండి. ఏం కనబడుతోంది, ఏం కనబడాలి అన్నది విడివిడిగా రాయండి. తెలుగుతో పాటు ఎమోజీ ఉదాహరణ కూడా పెట్టండి. చాలా ఎమోజీలు రెండు యూనిట్ల జంటలు, ఆ జంట మధ్యలో తెగితే పనికిరాని డబ్బా మిగులుతుంది. తెలుగు రానివాళ్ళకి కూడా చూడగానే విషయం బోధపడుతుంది.

అలాంటి రిపోర్టు ఒక్కటి రాసి ప్యాచ్ పంపకపోయినా అది కాంట్రిబ్యూషనే, నా లెక్కలో. "కన్సోల్ పనిచెయ్యట్లేదు" అని ఒక లైను రాసి వెళ్ళిపోయేవాళ్ళ వెనక పడి వివరాలు రాబట్టడంలో అక్కడివాళ్ళకి ఎంత టైము పోతుందో బగ్‌జిల్లాలో కాసేపు తిరిగితే మీకే తెలుస్తుంది.

---

సూరి_ఎలక్ట్రానిక్‌సిటీ
శనివారం, ఉదయం 10:14

అంతా మంచిగనే ఉంది గానీ ఒక మాట అడుగుతా, ఎవలూ ఏమనుకోవద్దు. మొజిల్లాకి పైసలు ఎక్కడికెళ్లి వస్తయి? ఎక్కువ శాతం గూగుల్ సెర్చ్ ఒప్పందంకెళ్లే. 2020 ఆగస్టుల దగ్గర దగ్గర 250 మందిని తీసేసిన్రు, అందుల డెవ్‌టూల్స్ మీద పనిచేసినోళ్లు గూడ ఉన్నరు. జీతమిచ్చి చేయించుకునే పనిని తీసేసి, అదే పనిని మనం ఆదివారం పొద్దున కూసుని ఫ్రీగ చెయ్యాలె. గిదేం లెక్క? వారమంతా ఆఫీసుల సచ్చి, సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్ల సచ్చి, మిగిలిన రోజు గూడ ఇట్లనేనా?

---

శిరీష_బీటీఎం
శనివారం, ఉదయం 10:40

> జీతమిచ్చి చేయించుకునే పనిని తీసేసి

సూరి అన్నా, నీ మాటలో నిజం ఉంది, కాదనను. కానీ మధు గారు చెబుతున్న బగ్ ఎవరి ఉద్యోగంలోనూ లేదు కదా. తెలుగు స్ట్రింగులు రోజూ కన్సోల్లో చూసేవాళ్ళు ఎక్కడుంటారు? మన దగ్గరే. ఆ వలయం మనకే కనబడుతుంది, మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

---

సూరి_ఎలక్ట్రానిక్‌సిటీ
శనివారం, ఉదయం 10:52

చెప్పుడు వేరు శిరీషా, చేసిపెట్టుడు వేరు. చెప్పమనే నేను గూడ అంటున్న.

---

పద్మజ_బసవనగుడి
శనివారం, మధ్యాహ్నం 12:15

సూరి గారు అడిగింది అడగాల్సిన ప్రశ్నే. నాకు తెలిసినంతవరకు ఈ పనిముట్ల చరిత్ర చెబుతాను, తీర్పు మీదే.

2006 జనవరిలో జో హెవిట్ ఫైర్‌బగ్ అనే ఎక్స్‌టెన్షన్ విడుదల చేశాడు. అప్పటిదాకా మొజిల్లాలో వెంక్‌మన్ అనే జావాస్క్రిప్టు డీబగ్గరూ, డామ్ ఇన్‌స్పెక్టరూ ఉన్నాయి కానీ, మనలో ఎక్కువమంది చేసింది కోడ్ నిండా అలర్టులు పెట్టి ఓకే, ఓకే అని నొక్కుకుంటూ పోవడమే. లూప్ లోపల అలర్టు పెట్టినవాడి బాధ ఈతరం వాళ్ళకి తెలీదు. ఫైర్‌బగ్‌తో ఒకే చోట ఎలిమెంటు మీద క్లిక్ చేసి సీఎస్ఎస్ మార్చడం, నెట్‌వర్క్ రిక్వెస్టులు చూడటం, బ్రేక్‌పాయింటు పెట్టడం అన్నీ వచ్చాయి. ఇవాళ క్రోమ్‌లో, సఫారీలో, నోడ్‌లో మీరందరూ రాసే కన్సోల్ డాట్ లాగ్‌ని జనానికి అలవాటు చేసింది ఫైర్‌బగ్గే.

హెవిట్ తర్వాత దాన్ని చాలా ఏళ్ళు నడిపింది ఒక చిన్న వర్కింగ్ గ్రూప్. కొందరికి కంపెనీల జీతాలున్నాయి, చాలామందికి లేవు. ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్ తన సొంత డెవ్‌టూల్స్ కట్టుకుంది. 2017 నవంబరులో 57వ వెర్షన్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లని ఆపేసేసరికి ఫైర్‌బగ్ కథ ముగిసింది. అందులోని ఆలోచనలూ, కొందరు మనుషులూ డెవ్‌టూల్స్‌లోకి వచ్చారు. పేజీని 3డీలో పొరలు పొరలుగా చూపించే టిల్ట్ అని ఒకటి ఉండేది, 2012లో ఫైర్‌ఫాక్స్ 11తో వచ్చింది. అది గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఒక విద్యార్థి చేసిన పని. తర్వాత తీసేశారు, నాకు ఇప్పటికీ దిగులే.

అందుకని "ఉచిత చాకిరీ" అన్నమాట పూర్తిగా మింగుడుపడదు నాకు. ఇరవై ఏళ్ళుగా మన జీతాలు వచ్చింది ఈ పనిముట్ల పుణ్యమా అనే. కానీ లేఆఫ్‌ల సంగతి నిజం. రివ్యూ చేసే మనుషులు తగ్గితే వాలంటీరు ప్యాచ్ పడి ఉంటుంది. కోడ్ రాసేవాళ్ళకి కొరత లేదు, చూసేవాళ్ళకే కొరత.

---

రఫీ_అనంతపురం
శనివారం, మధ్యాహ్నం 1:30

అందరూ ఇంత మాట్లాడతాండారు, అసలు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మధూ, నీ ఆఫర్ లెటర్ తీసి చదువు సామీ. ముందు అది.

మన కాపీరైటు చట్టం, 1957లో 17వ సెక్షన్ ఉంది. అందులో సి క్లాజు ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకుంటే, మొదటి హక్కుదారు యజమానే. ఆదివారం ఇంట్లో కూర్చుని నీ సొంత ల్యాప్‌టాప్‌లో చేసింది "ఉద్యోగంలో భాగం" కాదని నువ్వు వాదించొచ్చు. కానీ బెంగళూరు కంపెనీల ఒప్పందాలు చట్టం దగ్గర ఆగవు. "ఉద్యోగ కాలంలో, పని వేళల్లో గానీ బయట గానీ, మా వ్యాపారానికి సంబంధించినదేది చేసినా మాదే" అని రాసుకుంటారు. వెబ్ కంపెనీకి బ్రౌజరు టూల్ "సంబంధం లేనిది" అని ఎట్లా అంటావు?

నేను ఇంతకుముందు చేసిన చోట పర్మిషన్ అడిగితే మేనేజరు హెచ్ఆర్‌కి పంపె, హెచ్ఆర్ లీగల్‌కి పంపె, లీగలోళ్ళు "బిజినెస్ జస్టిఫికేషన్ ఏంది" అని మళ్ళా మేనేజరుకి పంపిరి. ఆ మెయిలు ఇంకా తిరుగుతానే ఉంటాదేమో, నేనైతే ఆ కంపెనీ మారిపోతి. ఇప్పుడున్న చోట ఒక ఫారం ఉంది, ప్రాజెక్టు పేరు, లైసెన్సు పేరు రాస్తే చాలు, సంతకం పెట్టి ఇస్తారు. కంపెనీని బట్టి ఉంటాది.

ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం ముట్టుకోవద్దు. ఎంత బలమైనదైనా సరే. ఆఫీసు ఈమెయిలు కూడా వాడొద్దు. నేను లాయర్ని కాదు, పెద్ద విషయమైతే లాయర్నే అడుగు.

---

మధు_మారతహళ్ళి
శనివారం, మధ్యాహ్నం 2:10

రఫీ అన్నా, థ్యాంక్స్. చదివాను. "ముందస్తు లిఖితపూర్వక అనుమతి" అని ఉంది. మా మేనేజరు ఫర్వాలేదు, సోమవారం మెయిల్ పెడతాను. మెయిల్లో ఏం రాయాలి?

---

రఫీ_అనంతపురం
శనివారం, మధ్యాహ్నం 2:25

పొట్టిగా రాయి. ప్రాజెక్టు ఫైర్‌ఫాక్స్, లైసెన్సు ఎంపీఎల్ 2.0 (మొజిల్లా ఓపెన్ సోర్స్ లైసెన్సు), సొంత మెషీను, సొంత సమయం, ఆఫీసు కోడు గానీ కస్టమరు డేటా గానీ వాడను, మనం రోజూ వాడే టూల్లో మన కంటెంటుకి తగిలే బగ్గు. ఈ చివరి ముక్క ముఖ్యం. కంపెనీకి కూడా లాభమే అని వాళ్ళకి కనబడాల. మొజిల్లా వాళ్ళు ప్యాచ్ కోసం సీఎల్ఏ (కోడు హక్కుల ఒప్పందం) సంతకం అడగరు, అది కూడా రాయి, లీగలోళ్ళు సగం చల్లబడతారు.

---

శిరీష_బీటీఎం
శనివారం, సాయంత్రం 5:48

8 జీబీ ల్యాప్‌టాప్ గురించి ఎవరూ చెప్పలేదు కదా, నేను చెబుతాను. నాది కూడా అంతే, పైగా పీజీ వైఫై.

ఫైర్‌ఫాక్స్ మొత్తాన్ని మీ మెషీన్లో కంపైల్ చెయ్యాలని ఎవరైనా చెబితే నమ్మకండి, డెవ్‌టూల్స్‌కి అవసరం లేదు. ఆర్టిఫాక్ట్ బిల్డ్ అని ఉంటుంది. సీ++, రస్ట్ భాగాలన్నీ మొజిల్లా సర్వర్లలో ముందే కంపైల్ అయి ఉంటాయి, వాటిని దింపుకుని, మీరు మార్చిన జావాస్క్రిప్టు, సీఎస్ఎస్ మాత్రం మీ దగ్గర కలుపుతుంది. 2025 మే నుంచి అసలు కోడ్ గిట్‌హబ్‌లోనే ఉంది, కాబట్టి పాత వ్యాసాల్లో మెర్క్యూరియల్ (గిట్ లాంటి ఇంకో టూల్) నేర్చుకోమని ఉంటే దాటెయ్యండి. కోడ్ దింపుకున్నాక, అంటే క్లోన్ చేశాక, "మాక్ బూట్‌స్ట్రాప్" (మాక్ అంటే ఆపిల్‌ది కాదు, ఆ కోడ్‌తో వచ్చే కమాండ్) నడిపితే ఏ రకం బిల్డ్ కావాలో అడుగుతుంది, డెస్క్‌టాప్ ఆర్టిఫాక్ట్ మోడ్ ఎంచుకోండి. తర్వాత "మాక్ బిల్డ్", "మాక్ రన్". ఆ పైన జావాస్క్రిప్టు మార్చిన ప్రతిసారీ "మాక్ బిల్డ్ ఫాస్టర్" చాలు, టీ మరిగేలోపు అయిపోతుంది.

నొప్పంతా మొదటి క్లోన్ దగ్గరే. రిపో (కోడ్ మొత్తం ఉండే చోటు) చాలా పెద్దది, డిస్కు మీద 30 జీబీ ఖాళీ పెట్టుకోండి. మా పీజీలో రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా అందరూ సిరీస్‌లు చూస్తుంటారు, క్లోన్ సగంలో తెగిపోతే మళ్ళీ మొదటికే. నేను తెల్లవారుజామున పెట్టి పడుకున్నాను. విండోస్ అయితే ముందు మొజిల్లాబిల్డ్ వెయ్యాలి, సోర్స్ పెట్టే ఫోల్డరు పేరులో ఖాళీ ఉండకూడదు, డిఫెండరు యాంటీవైరస్ ఆ ఫోల్డరుని స్కాన్ చెయ్యకుండా మినహాయింపు ఇవ్వాలి. లేకపోతే ప్రతి ఫైలునీ అనుమానంగా చూస్తూ కూర్చుంటుంది.

ఇంకోటి, ఇది తెలిసిన రోజు నాకు భలే సరదా వేసింది. డెవ్‌టూల్స్‌ని డెవ్‌టూల్స్‌తోనే డీబగ్ చెయ్యొచ్చు. సెట్టింగుల్లో బ్రౌజరు క్రోమ్ డీబగ్గింగూ (గూగుల్ క్రోమ్ కాదు, బ్రౌజరు సొంత భాగాలు), రిమోట్ డీబగ్గింగూ ఆన్ చేసి కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఐ కలిపి నొక్కితే బ్రౌజర్ టూల్‌బాక్స్ వేరే విండోలో తెరుచుకుంటుంది. అందులోంచి మీ కన్సోల్ ప్యానెల్ లోపల బ్రేక్‌పాయింటు పెట్టి, స్ట్రింగ్ ఎక్కడ తెగుతోందో అక్కడే ఆపి చూడొచ్చు. ఇది తెలీక అక్కడ కూడా లాగ్‌లు పెట్టి ఏ కన్సోల్లో పడ్డాయో వెతుక్కునేవాళ్ళున్నారు.

---

చైతన్య_వైట్‌ఫీల్డ్
శనివారం, రాత్రి 9:02

పద్మజక్కా, సీరియస్‌గా అడుగుతున్నా. ఈ క్రాప్ ఫంక్షన్ ఏఐకి ఇచ్చి "తెలుగుకి సరిచెయ్యి" అంటే నిమిషంలో ఇచ్చేస్తుంది. దానికి ఇంత తతంగం అవసరమా?

---

పద్మజ_బసవనగుడి
శనివారం, రాత్రి 9:40

ఇస్తుంది, చైతన్యా. స్ట్రింగ్ మొత్తాన్ని సెగ్మెంటర్‌కి ఇచ్చి ముక్కలు చేసే కోడే ఇస్తుంది, నేను పైన వద్దన్నది. అది చూడ్డానికి బాగుంటుంది, నీ చిన్న ఉదాహరణకి పనిచేస్తుంది కూడా. అప్పుడు రివ్యూయరు "దీని ఖర్చెంత, కొలిచావా?" అని అడుగుతాడు. నువ్వు ఆ ప్రశ్నని మళ్ళీ ఏఐకి ఇస్తావు. అది ఇంకో పేజీ రాస్తుంది. అవతల ఉన్నది తన వారంలో కొన్ని గంటలు నీకోసం పక్కన పెట్టిన మనిషి.

2025 పొడుగునా కర్ల్ అనే ఓపెన్ సోర్స్ డౌన్‌లోడ్ టూల్ ప్రాజెక్టు నడిపే డానియెల్ స్టెన్‌బర్గ్ ఏఐ అల్లిన దొంగ సెక్యూరిటీ రిపోర్టుల గురించి బహిరంగంగానే మొత్తుకున్నాడు. అంతకుముందు 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో ఇచ్చే టీషర్టు కోసం, రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఫైలు) ఒక విశేషణం చేర్చి పంపిన పుల్ రిక్వెస్టుల (మార్పు కలపమని అడగడం) వరద. అందులో మనవాళ్ళ పేర్లు ఎన్ని కనిపించాయో నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు భారతీయ పేరుతో వచ్చిన కొత్త ప్యాచ్‌ని కాస్త వంకరగా చూశారంటే తప్పు ఎవరిదంటావు?

ఏఐని వాడుకో, కోడ్ అర్థం చేసుకోడానికి అడుగు. పంపే ప్రతి లైనుకీ జవాబు నీ దగ్గర ఉండాలి, అంతే.

---

గోపి_హెచ్ఎస్ఆర్
శనివారం, రాత్రి 10:11

దానికి తమ్ముడు వరస ఇంకోటుంది. గుడ్ ఫస్ట్ బగ్ (కొత్తవాళ్ళకని వదిలిన తేలిక బగ్) కనబడగానే "సర్ ప్లీజ్ అసైన్ దిస్ టు మీ" అని రాసి మాయమైపోవడం. ఒక బగ్ కింద వరసగా అరడజనుమంది అదే వాక్యం రాశారు, ఒక్కరూ ప్యాచ్ పంపలేదు. ఆ బగ్ కనబడి చేద్దామనుకున్న ఏడోవాడు, ఎవరో చేస్తున్నారులే అని వెళ్ళిపోతాడు.

అక్కడ అసైన్ చేయించుకోవాల్సిన పని కూడా లేదు. మొదటి ప్యాచ్ ఫాబ్రికేటర్‌లో (ప్యాచ్‌లు రివ్యూ చేసే సైటు) పెట్టగానే బగ్ మీ పేరు మీదకి దానంతటదే వచ్చేస్తుంది. కాబట్టి సారూ లేదు, ప్లీజూ లేదు.

---

మధు_మారతహళ్ళి
ఆదివారం, ఉదయం 9:30

రాత్రి బగ్ ఫైల్ చేశాను. పద్మజ గారు చెప్పినట్టే ఒక్క లైను ఉదాహరణ, తెలుగుదొకటి ఎమోజీదొకటి, రెండు స్క్రీన్‌షాట్లు. ప్యాచ్ పర్మిషన్ వచ్చాకే. ఈలోగా చదువుకుందామని టెస్టులు ఎక్కడున్నాయో చూస్తున్నా. మోచీటెస్టులు రాయాలా? వాటిని చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

---

పద్మజ_బసవనగుడి
ఆదివారం, ఉదయం 10:05

ఈ పనికి మోచీటెస్టు అక్కర్లేకపోవచ్చు. మోచీటెస్టంటే నిజం బ్రౌజరు తెరిచి, టూల్‌బాక్స్ తెరిచి, క్లిక్కులు చేసి చూసేది, నెమ్మది. రెప్స్‌కి జెస్ట్ అనే టూల్‌తో రాసిన టెస్టులున్నాయి, నోడ్‌లో క్షణాల్లో నడుస్తాయి. అదే కాంపొనెంట్స్ ఫోల్డరు కింద టెస్ట్ అని ఉంటుంది చూడండి. స్ట్రింగుల టెస్టు ఫైలు తెరిచి, ఉన్నవాటి పద్ధతిలోనే మీవి చేర్చండి. ముందు టెస్టు రాసి, అది ఫెయిల్ అవుతోందని చూసుకుని, అప్పుడు కోడ్ ముట్టుకోండి.

నా మొదటి ప్యాచ్ నెట్‌వర్క్ మానిటర్లో. కీబోర్డుతో ఒక చోటికి చేరలేకపోతున్నాం అన్న బగ్. కోడ్ మార్పు నాలుగు లైన్లు, టెస్టు దానికి పదింతలు. అదే మామూలు.

పంపడం "మోజ్‌ఫ్యాబ్ సబ్మిట్" అనే కమాండ్‌తో. కమిట్ (నమోదు చేసిన మార్పు) సందేశం బగ్ నంబరుతో మొదలవ్వాలి, చివర రివ్యూయరు పేరు. ఎవరిని పెట్టాలో తెలీకపోతే డెవ్‌టూల్స్ రివ్యూయర్స్ అన్న గ్రూపు పేరు పెట్టండి, ఎవరో ఒకరు తీసుకుంటారు. ఒకే ప్యాచ్‌లో పక్క ఫంక్షన్ ఇండెంటేషన్ సర్దడం, పేర్లు మార్చడం లాంటివి కలపొద్దు. చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి. ట్రై సర్వర్‌లో (టెస్టులు నడిపే మొజిల్లా మెషీన్లు) నడిపే హక్కు మీకు ఇప్పుడే ఉండదు, రివ్యూయరే మీ తరఫున నడుపుతారు. వాళ్ళు సరేనంటే ల్యాండో (ప్యాచ్‌ని అసలు కోడ్‌లో కలిపే టూల్) ద్వారా లోపలికి వెళ్తుంది, మర్నాడు నైట్లీలో కనబడుతుంది. అక్కణ్ణుంచి నాలుగు వారాలకోసారి మెట్టు మారుతూ బీటా, ఆ తర్వాత అందరికీ.

జవాబు రాకపోతే ఓ వారం ఆగి బగ్‌లో నీడ్‌ఇన్ఫో (ఫలానావారి జవాబు కావాలన్న గుర్తు) పెట్టండి, లేదా మ్యాట్రిక్స్ చాట్‌లో డెవ్‌టూల్స్ రూమ్‌లో మర్యాదగా అడగండి. రోజూ "ఎనీ అప్‌డేట్?" వద్దు. ఆఫీసు అలవాటు ఆఫీసులోనే వదిలెయ్యండి.

---

సూరి_ఎలక్ట్రానిక్‌సిటీ
ఆదివారం, ఉదయం 11:20

మంచిది మధూ. నా మాట మీదనే నేనున్న, గానీ ఆ బగ్‌కి నేను గూడ "నాకు గూడ ఇట్లనే వస్తుంది" అని లైనక్స్ వెర్షన్ వేసి స్క్రీన్‌షాట్ పెట్టిన. నోటో ఫాంటుతోని వలయం ఇంకా పెద్దగ కనబడుతుంది.

---

శిరీష_బీటీఎం
ఆదివారం, ఉదయం 11:24

సూరి అన్న కాంట్రిబ్యూటర్ అయిపోయాడు 😂

---

సూరి_ఎలక్ట్రానిక్‌సిటీ
ఆదివారం, ఉదయం 11:26

ఊకో.

---

రఫీ_అనంతపురం
ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఈ ఊర్లో ఫాస్ యునైటెడ్ అనే ఓపెన్ సోర్స్ గుంపు వాళ్ళ మీటప్పులు జరుగుతుంటాయి, వీలైతే పోండి మధూ. ఒక్కడే కూర్చుని బిల్డ్ ఎర్రర్ చూసుకోవడం కన్నా పక్కన తెలిసినోడు ఉంటే నయం. తర్వాత మారతహళ్ళిలో గోంగూర పప్పు బాగుండే మెస్ నేను చూపిస్తా.

---

చైతన్య_వైట్‌ఫీల్డ్
ఆదివారం, మధ్యాహ్నం 12:52

ఏ మెస్ అన్నా? బ్రిడ్జి కిందదా, మున్నేకొళ్ళాల వైపుదా?

---

మోడరేటర్
ఆదివారం, మధ్యాహ్నం 1:15

మెస్‌ల చర్చకి వేరే దారం ఉంది. నెయ్యి కారప్పొడి తగవు తేలక అక్కడ ఇంకా నడుస్తోంది, దయచేసి అక్కడికి వెళ్ళండి.

---

నవ్య_కేఆర్‌పురం
ఆదివారం, సాయంత్రం 6:30

అందరికీ నమస్కారం, ఆలస్యంగా చూశాను. మా ఆఫీసంతా క్రోమే. క్రోమ్ డెవ్‌టూల్స్‌కి పంపాలంటే కూడా ఇదే పద్ధతా?

---

గోపి_హెచ్ఎస్ఆర్
ఆదివారం, రాత్రి 8:10

ఆత్మ ఒకటే, దేహం వేరు నవ్యా. వాళ్ళ డెవ్‌టూల్స్ ఫ్రంటెండ్ వేరే రిపోలో ఉంటుంది, టైప్‌స్క్రిప్టు. క్రోమియం (క్రోమ్‌కి మూలమైన కోడ్) మొత్తం దింపక్కర్లేదు, ఇది ఒక్కటీ విడిగా బిల్డ్ చేసుకుని టెస్టింగ్ క్రోమ్‌తో నడుపుకోవచ్చు. డిపో టూల్స్ అని ఒక సంచీ ముందు ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ఫెచ్, జీఎన్, ఆటోనింజా అనే కమాండ్లన్నీ అందులోంచే. రివ్యూ గెరిట్ అనే సైటులో. ఫీచరు లాంటిదైతే ముందు ఇష్యూలో మాట్లాడి ఒప్పించుకోకుండా కోడ్ రాయకండి, పెద్దదైతే డిజైన్ డాక్యుమెంటు అడుగుతారు.

పెద్ద తేడా కాగితాల దగ్గర. గూగుల్ సీఎల్ఏ సంతకం తప్పనిసరి. వ్యక్తిగతంగా ఒకటి, కంపెనీ తరఫున ఒకటి ఉంటాయి. మీ పని హక్కు కంపెనీదైతే కంపెనీయే సంతకం పెట్టాలి, అంటే రఫీ అన్న చెప్పిన మెయిలు ఇక్కడ ఇంకా ముఖ్యం. మొదటి ప్యాచ్‌తో పాటు ఆథర్స్ ఫైల్లో మీ పేరు కూడా చేర్చాలి.

గిట్‌హబ్‌కి అలవాటుపడినవాళ్ళు తడబడేది గెరిట్‌లో ఒక మార్పంటే ఒకే కమిట్ అన్న చోట. రివ్యూయరు ఏదైనా సరిచెయ్యమంటే కొత్త కమిట్ వెయ్యకండి, పాతదాన్నే అమెండ్ చేసి (సరిదిద్ది) మళ్ళీ ఎక్కించండి. కింద ఉండే ఛేంజ్ ఐడీ లైను చెరపకండి, దాన్నిబట్టే అది పాత మార్పని గుర్తుపడుతుంది.

---

నవ్య_కేఆర్‌పురం
ఆదివారం, రాత్రి 8:34

థ్యాంక్స్ అన్నా. నా ల్యాప్‌టాప్‌లో గిట్‌కి పాత ఆఫీసు ఈమెయిలే పెట్టి ఉంది. సీఎల్ఏ నా జీమెయిల్‌తో చేస్తే సరిపోతుందా?

---

గోపి_హెచ్ఎస్ఆర్
ఆదివారం, రాత్రి 8:41

సరిపోదు, కమిట్‌లో ఉన్న ఈమెయిలూ సీఎల్ఏ ఈమెయిలూ ఒకటే కావాలి. ఆ రిపో వరకు యూజర్ ఈమెయిల్ జీమెయిల్‌కి మార్చుకుని, ఇప్పటికే వేసిన కమిట్ ఉంటే ఆథర్ రీసెట్‌తో అమెండ్ చెయ్యండి. ఎక్కించే ముందు గిట్ లాగ్ తీసి ఒకసారి చూసుకోండి.